‘పో’ అన్న మాటకు ఏడు అర్థాలు

ఖాదర్ అంకుల్ తనంతట తాను నాకు ఎప్పుడూ ఫోన్ చెయ్యడు. పండగలకు నేనే చేస్తాను. అందుకే మొన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, పెర్త్ శివార్లలో, కానింగ్ వేల్‌లో మా ఇంటి ముందు కారు ఆపుతుండగా ఫోన్ మీద ఆయన పేరు కనిపించేసరికి ఇంజను ఆపకుండానే ఎత్తాను.

“బిడ్డా, మీ అక్క గుజర్ గయీ. ఇయ్యాల పొద్దుగాల. శనివారం చర్చిల ప్రార్థన ఉన్నదట. నువ్వు సిడ్నీ వస్తవా మరి?”

వస్తానన్నాను. ఫోన్ పెట్టేసి కారులోనే కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. ఇరవై ఏళ్ళకు పైగా నా దగ్గర దాచిన మాటొకటి ఉంది. దాచమన్న మనిషి ఇక లేదు. ఆ మాటను ఇప్పుడేం చెయ్యాలన్నదే నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన. అలా వచ్చినందుకు సిగ్గుపడ్డాను కూడా.

ఆమె నా తోడబుట్టింది కాదు. నేను ఒంగోలు నుంచి సిడ్నీకి వచ్చిన కొత్తలో, పెండిల్ హిల్‌లో ఖాదర్ అంకుల్ ఇంటి వెనకున్న రెండు గదుల్లో ఒకటి నాది, ఒకటి ఆమెది. ఆమె బాపట్ల దగ్గర సముద్రం ఒడ్డు ఊరి మనిషి. పెద్దాసుపత్రిలో నర్సు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. వచ్చిన రోజే నా సూట్‌కేసు లోపల పెట్టి, “అక్కా అని పిలువు. ఆంటీ అన్నావంటే అన్నం పెట్టను” అంది.

రెండు వేల సంవత్సరం రాబోతున్న రోజులవి. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే ఉండేవి. రెండు సున్నాలు పడితే యంత్రం దాన్ని ఏ శతాబ్దం అనుకుంటుందో తెలియక, లోకం అంతా మాలాంటి వాళ్ళను పిలిపించుకుని తేదీలు దిద్దించుకుంటోంది. మా వీధిలో అద్దెకుండే తెలుగు వాళ్ళందరిదీ అదే పని. శనాదివారాల్లో ఎవరింట్లో కూచున్నా జావా, ఒరాకిల్, ఫలానా వాడికి అమెరికా వీసా. ఆ మాటల మధ్య అక్క మాత్రం, ఆసుపత్రి డ్యూటీల నడుమ వారానికి రెండు మధ్యాహ్నాలు యూనికి, అంటే యూనివర్సిటీకి, వెళ్ళి హ్మోంగ్ భాష చదివేది. భాషే కాదు, వాళ్ళ చరిత్ర, ఆచారాలు, కుట్టుపని, పాటలు అన్నీ. లావోస్ కొండల్లో ఉండేవాళ్ళనీ, యుద్ధంలో ఓడిన పక్షాన ఉండిపోయి అడవులు దాటి, నది దాటి, థాయ్‌లాండ్ శిబిరాల్లో ఏళ్ళు గడిపి, కొద్దిమంది ఇక్కడ తేలారనీ ఆమె చెబితేనే నాకు తెలిసింది.

చర్చిలో ఆడవాళ్ళు అడిగేవారు. “ఆ భాష నేర్చుకుంటే ఏమొస్తది వదినా?”

“భాషొస్తది” అనేది అక్క.

పొట్టి మనిషి. చేతులు మాత్రం పెద్దవి. నర్సులు రొమ్ము మీద తలకిందులుగా తగిలించుకునే గడియారం సెలవు రోజున కూడా తీసేది కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటివాళ్ళ మణికట్టు పట్టుకోవడం ఆమెకు అలవాటు. ప్రేమతో పట్టుకుందనుకుంటాం. గడ్డం వంచి గడియారం చూసుకుని, “తొంభై కొడతందే. ఆఫీసులో ఏమైంది?” అనేది. అబద్ధం ఆడటానికి వీలుండేది కాదు.

నేను ఆఫీసు నుంచి తెచ్చిన పాత ప్రింటవుట్ల వెనకవైపు ఆమె హోంవర్కు రాసుకునేది. హ్మోంగ్ మాటలకు ఇంగ్లిష్ అక్షరాలే వాడతారట, కానీ చివరి అక్షరం పలకరు. ఆ మాటను పైకెత్తి పలకాలా, కిందికి దించాలా, గొంతులో తెంచాలా అని చెప్పడానికే అది అక్కడ ఉంటుంది. “పలకకూడదే, కానీ అది ఉందని మర్చిపోకూడదు” అనేది నాకు చూపిస్తూ. వాటి పక్కన తెలుగులో రాసుకుని, పైన స, రి, గ అని చిన్న అక్షరాలు పెట్టుకునేది. చర్చి గాయకబృందంలో పాడిన మనిషి కదా. పెరటి మెట్ల మీద కూచుని ఒకే మాటను ఏడు రకాలుగా గొణిగేది. ఇంట్లో మాత్రం సాధన చేసేది కాదు. ఆ భాష నేర్పే మాష్టారు వద్దన్నారంది. ఆయన నేర్పే వాటిలో చనిపోయినవాళ్ళకు దారి చూపే పాట ఒకటుంది. శవం లేని ఇంట్లో ఆ పాట పాడితే, ఆ ఇంట్లోంచే ఒకరిని అది తీసుకుపోతుందట.

“నువ్వు నమ్ముతావా అక్కా? చర్చికి వెళ్తూ?”

“నమ్మకపోయినా మెట్ల మీద కూచోటానికి పోయిందేముంది?” అంది.

చాలాకాలానికి గానీ నేను గమనించని సంగతి ఒకటుంది. ఆమె ‘పో’ అనే మాట వాడేది కాదు. నన్ను “ఇక ఆఫీసుకెళ్ళు” అనేది. మా పెరట్లో చెత్తడబ్బా కెలికే తెల్లకొంగల్లాంటి పక్షుల్ని సైతం “వెళ్ళండమ్మా, వెళ్ళండి” అనేది. ఒకరోజు ఆ పక్షి నా చేతిలో రొట్టె లాక్కోబోతే “పో, పో!” అని గట్టిగా అరిచాను. వెనక గిన్నె కింద పడిన చప్పుడైంది. చూస్తే అక్క గుమ్మంలో నిలబడి ఉంది.

ఆ మధ్యాహ్నం ఎండ్రొయ్యలకు తలలు తుంచుతూ తనే చెప్పింది.

ఆమె ఆసుపత్రిలో చేరిన కొత్తలో ఒక ముసలావిడ వార్డుకొచ్చింది. గుప్పెడు మనిషి. ఏ భాషో ఎవరికీ తెలీదు. లావో భాష మాట్లాడే దుబాసీని పిలిపించారు. ఆయన ఏదో అడిగితే ఆవిడ గోడవైపు తిరిగింది. కొడుకు, మనవరాలు పొద్దున్నే వచ్చి పనులకు వెళ్ళిపోయేవారు. వాళ్ళను అక్క చూడనే లేదు, ఆమెకు ఎప్పుడూ సాయంకాలం డ్యూటీ. ఒకరోజు రాత్రి ఎనిమిదింటికి మంచం దగ్గరికి వెళితే ఆవిడ అక్క చెయ్యి పట్టుకుంది. కళ్ళలోకి చూసి, “పో” అంది. అక్క అర్థంకాక వంగింది. “పో... పో” అంది మళ్ళీ.

“నాకు తెలుగే వినపడింది సునీతా. అచ్చం మా అమ్మ కసురుకున్నట్టు. డ్యూటీ ఎక్కినకాడ్నించీ నిలబడి కాళ్ళు పీక్కుపోతన్నయ్. ‘సరేలే అమ్మా, పోతాలే’ అని చెయ్యి విడిపించుకుని టీ తాగటానికెళ్ళా. పది నిమిషాలు. వచ్చేసరికి అయిపోయింది.”

రొయ్య తల తుంచి పక్కన పెట్టింది.

“ఆవిడకి తెలుగు రాదుగా. నాతో ‘పో’ అని ఎందుకంటది? ఇంకేదో అంది. అదేంటో తెలుసుకుందావనే ఈ చదువులో చేరా.”

ఆ ముసలావిడ హ్మోంగ్ మనిషని కాగితాల్లో ఉంది. తర్వాత మూడేళ్ళకు యూనిలో ఆ భాష క్లాసు పెడుతున్నారని తెలిసి అక్క పేరు రాయించుకుంది. చెప్పేది ప్రొఫెసరు కాదు. పొద్దున కూరగాయల తోటలో పని చేసుకుని, మట్టి బూట్లు తలుపు బయట విడిచి, మధ్యాహ్నం పాఠానికొచ్చే పెద్దమనిషి. అరవై దాటినవాడు. మొదటి రోజే అక్క చెయ్యెత్తి అడిగిందట, “చనిపోబోయే మనిషి ‘పో’ అంటే ఏమిటండీ అర్థం?” అని.

ఆయన నవ్వాడు. “ఏ పో? ఏడున్నాయి” అని బోర్డు మీద వరసగా రాసి, ఒక్కొక్కటీ పలికి, పక్కన అర్థం రాశాడు. బంతి. ఆడది. పారెయ్యడం. ప్లీహం. ముల్లు. నాయనమ్మ. చూడటం. రాసి, సుద్దముక్క పెట్టేసి, “ఎక్కడ విన్నారు?” అన్నాడు. అక్క ఆసుపత్రి పేరు చెప్పింది, ఏ సంవత్సరమో చెప్పింది, ఏ నెలో చెప్పింది.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడట. సిడ్నీలో ఆ జనం ఎంతమందని? ఒకరి ఇంట్లో చావు అందరి ఇంట్లో చావే.

“మా అమ్మ” అన్నాడు. తర్వాత, “ఏ పో?” అన్నాడు.

“గుర్తులేదని చెప్పా” అంది అక్క నాతో. “మనకి ఎట్టా పలికినా ‘పో’ ఒకటేగా. ఆ ఎత్తూ పల్లం నా చెవికి అప్పుడు తెలీదుగా.”

నేను నమ్మాను. ఎవరైనా నమ్ముతారు.

ఆనాటి నుంచి ప్రతి పాఠమూ అలాగే మొదలయ్యేది. ఆయన బూట్లు విడిచి లోపలికొచ్చి, పుస్తకం తెరవకముందే, “ఇవాళ గుర్తొచ్చిందా?” అనేవాడు. అక్క ఒక రకంగా అని చూపేది. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. తల అడ్డంగా ఊపేవాడు. క్లాసులో మొదట నలుగురుండేవారు. తర్వాత ఇద్దరు. తర్వాత అక్క ఒక్కతే. వాళ్ళ గదిని కంప్యూటర్ల లాబు చేశారు. ఇంకో గదిచ్చారు, అదీ తీసేసుకున్నారు. చివరికి క్యాంటీన్‌లో ఒక మూల బల్ల దగ్గర పాఠం జరిగేది.

ఒక ఆదివారం ఆయన మా ఇంటికి భోజనానికొచ్చాడు. కూతురు మాయ్ కారులో తీసుకొచ్చింది. నా వయసే. బ్యాంకులో ఉద్యోగం. ఇంగ్లిష్ అచ్చం ఇక్కడి వాళ్ళలాగే మాట్లాడుతుంది. ఆయన తోటలో పండిన ఆవకూర కట్టలు తెచ్చాడు. అక్క అందులో ఎండ్రొయ్యలు వేసి వండింది. తిన్నాక ఆయన లేచి, అక్కకు సైగ చేసి పెరట్లోకి నడిచాడు.

బట్టలారేసే తీగల కింద నిలబడి ఆయన ఏడు ‘పో’లూ వరసగా పలికాడు. ఒక్కోదాని తర్వాత ఆగి అక్క మొహంలోకి చూసేవాడు. నాకు అన్నీ ఒకటిగానే వినిపించాయి. ఒక ముసలాయన ఎండలో నిలబడి, ఎదుటి మనిషిని పో, పో, పో అంటున్నట్టే ఉంది. మా పెరటికీ తన ఇంటికీ మధ్యనున్న కంచె అవతల నుంచి ఖాదర్ అంకుల్ తల పెట్టాడు.

“ఏంది బిడ్డా? ఎవర్ని పొమ్మంటుండు గా పెద్దాయన?”

“ఎవర్నీ కాదంకుల్. పాఠం.”

“గిదేం పాఠం?” అని ఆయన గొణుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ రోజే మాష్టారు తీగల కింద పీట వేసుకుని కూర్చుని సంగతంతా చెప్పాడు. వచ్చీరాని ఇంగ్లిష్‌లో చెబుతుంటే మధ్యమధ్య మాయ్ సరిచేసేది. కొండ మీద ఊరు వదిలి అడవిలో నడుస్తున్నప్పుడు వాళ్ళతో ఆయన నాయనమ్మ ఉంది. నడవలేదు. వంతులవారీగా మోశారు. నది ఇంకా నాలుగు రోజులుందనగా, వెనక సైనికులున్నారని కబురొచ్చింది. ఒక కొండచరియ కింద రాతి గుహలో ఆవిడను కూర్చోబెట్టి, ముందు కుండెడు అన్నం పెట్టి, “వస్తాం” అని చెప్పి వచ్చేశారు. వదిలేద్దామని అన్నది ఆయన తల్లి. పిల్లల్ని బతికించుకోవాలంటే తప్పదని అన్నది ఆవిడే. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ దాని గురించి ఒక్క మాట అనలేదు.

“అమ్మ చనిపోయినప్పుడు దారి చూపే పాట పాడించాం” అన్నాడాయన. “చనిపోయిన మనిషి బతికిన ప్రతి చోటునీ వెనక్కి వెనక్కి చెప్పుకుంటూ, పుట్టిన ఇంటిదాకా పంపాలి. అందులో ఆ గుహ కూడా వస్తుంది. పాడేవాడికి నేను ఆ చోటు చెప్పలేదు. దాటించేశాను.”

పక్కింటి వాళ్ళ గడ్డికోత యంత్రం మోగుతోంది.

“అమ్మ ‘నాయనమ్మ’ అని ఉంటే, ఆవిడే వచ్చి తీసుకెళ్ళిందని. ‘కనబడుతోంది’ అని ఉంటే, దారి కనబడిందని. అవి రెండూ మంచివే. ‘పారెయ్యడం’ అని ఉంటే మాత్రం...” ఆయన అక్కవైపు తిరిగాడు. “పారేసిన మనిషిని ఎత్తుకు రమ్మని నాకు చెప్పినట్టు. నేను వెళ్ళాలి. ఎముకలైనా తేవాలి.”

“అక్కడికి ఎలా వెళ్తావు డాడ్?” అంది మాయ్. “ఆ కొండల్లో ఇంకా కాల్పులు జరుగుతున్నాయంటున్నారు. నేలలో పేలని బాంబులున్నాయి. ఆ గుహ ఎక్కడో నీకే తెలీదు.”

“తెలుసు” అన్నాడాయన.

అక్క చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నేలవైపు చూస్తోంది. నేను ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను. ఆ రోజు ఆమె ఎవరి మణికట్టూ పట్టుకోలేదు.

ఆ ఏడాది చివరి నెలల్లో ఊరంతా ఒకరకంగా బిగుసుకుంది. జనవరి ఒకటిన కరెంటు పోతుందన్నారు, నీళ్ళు రావన్నారు, విమానాలు గాల్లోంచి రాలిపోతాయన్నారు. నేను రోజూ ఆఫీసులో తేదీలు పరీక్షిస్తూ, ఏమీ కాదని తెలిసి కూడా ఇంటికొచ్చి కొవ్వొత్తులు కొన్నాను. ఖాదర్ అంకుల్ బియ్యం బస్తాలూ నీళ్ళ డబ్బాలూ మా గది గోడ పక్కన పేర్చాడు. కిటికీలోంచి వెలుతురు రావడం తగ్గింది. అప్పుడే మాయ్ ఫోన్ చేసింది.

“డాడ్ టికెట్ తీసుకున్నాడు. కొత్త సంవత్సరం రోజుల్లో ఎక్కడానికి అందరూ భయపడుతున్నారు కదా, సీట్లు ఖాళీగా ఉన్నాయిట. నేను చెబితే వినడు. మీ అక్క చెబితే వింటాడు. ఆవిడ ఏం చెబుతుందనేదాన్ని బట్టి వెళ్ళేదీ మానేదీ తేల్చుకుంటానంటున్నాడు.”

ఆ రాత్రి అక్క పెరటి మెట్ల మీదే కూచుంది. మర్నాడు మధ్యాహ్నం, “నువ్వు కూడా రా” అని నన్ను యూనికి తీసుకెళ్ళింది. సెలవులు కావడంతో క్యాంటీన్ ఖాళీగా ఉంది. కుర్చీలు బల్లల మీదికెత్తి పెట్టేశారు. మాష్టారు ఒక బల్ల దగ్గర రెండు కుర్చీలు దించుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి మూడోది దించాడు.

“గుర్తొచ్చింది” అంది అక్క, నిలబడే.

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

అక్క పలికింది. గొంతు కిందికి దిగి, చివర పుటుక్కున తెగింది. ఏడింటిలో ఆఖరిది. చూడటం.

“ఆవిడ తలుపువైపు చూస్తా ఆ మాట అన్నారు. మొహం ప్రశాంతంగా ఉంది. కనబడుతోంది, కనబడుతోంది అన్నారు.”

ఆయన కళ్ళు తెరిచి చాలాసేపు ఆమెను చూశాడు. తర్వాత మెల్లగా నవ్వాడు.

“రెండేళ్ళలో ఈ మాట ఇంత సరిగ్గా ఇవాళే పలికావు” అన్నాడు. లేచి, రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకుని, “నువ్వు మంచి విద్యార్థివి” అన్నాడు. తలుపు బయట బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు. రైల్లో ఇంటికొస్తుంటే అక్క నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఆమె పగలు నిద్రపోవడం నేను అదే చూడటం.

జనవరి ఒకటి వచ్చింది. ఏమీ కాలేదు. లైట్లు వెలిగాయి, కుళాయిలో నీళ్ళొచ్చాయి. ఖాదర్ అంకుల్ నీళ్ళ డబ్బాలు చూపించి, “ఇప్పుడు గివన్నీ ఎవరు తాగాలె?” అని నవ్వుతున్నాడు. అప్పుడు ఇంట్లో ఫోన్ మోగింది. మాయ్.

ఆయన వెళ్ళిపోయాడు. అక్క మాట విన్నాక సరేనన్నాడట, టికెట్ వెనక్కిచ్చేస్తానన్నాడట. క్రిస్మస్ సెలవుల్లో ఒక పొద్దున, “కారు తియ్యి, విమానాశ్రయానికి” అన్నాడట. లావోస్ రాజధాని నుంచి ఒకసారి ఫోన్ చేశాడు. బస్సెక్కుతున్నానన్నాడు. తర్వాత ఏమీ లేదు.

వారం, నెల, రెండు నెలలు. మాయ్ ఎంతమందికి రాసిందో, ఎక్కడెక్కడ వెతికించిందో. ఆ కొండ కింద ఊళ్ళో ఒక ముసలాయన దిగి, దారి అడక్కుండానే అడవివైపు నడిచి వెళ్ళాడని ఎవరో చెప్పారట. అంతే తెలిసింది. ఆ పైన ఇవాళ్టి వరకూ ఏమీ తెలియలేదు.

అక్క మళ్ళీ యూనికి వెళ్ళలేదు. తేదీల పని అయిపోయింది కనక నా ఉద్యోగమూ అయిపోయింది. పెర్త్‌లో ఇంకోటి దొరికింది. నేను సామాను సర్దుకుంటుంటే ఆమె నా మంచం మీద కూర్చుని బట్టలు మడత పెడుతోంది. నేనేదో ఓదార్పుగా అన్నాను. “నువ్వు చెప్పాల్సింది చెప్పావక్కా. గుర్తొచ్చింది చెప్పావు. ఆయన వినకపోతే నువ్వేం చేస్తావు?”

“గుర్తు రావటం ఏంటే” అంది. “నేను మర్చిపోతేగా.”

నాకు అర్థం కాలేదు.

“మొదటి రోజే, ఆయన బోర్డు మీద రాసి పలుకుతుంటే, మూడోది అనగానే నా చెయ్యి చల్లబడింది. అదే. అచ్చం అదే. పక్కన అర్థం రాశాడు, పారెయ్యడం అని. చెబుదామని నోరు తెరిచేలోగా మా అమ్మ అన్నాడు. అన్నం తినే నోటితో ఎట్టా చెప్పేది? తల్లి ఆఖరి మాట ‘పారెయ్’ అని ఏ కొడుక్కి చెబుతాం? అప్పటికి నాకా గుహ సంగతీ తెలీదు. తెలిశాక ఇంకా చెప్పలేకపోయా.”

రెండేళ్ళ పాటు వారానికి రెండుసార్లు ఆమె ఆయన ముందు కూర్చుని, తెలిసిన మాటను తప్పుగా పలుకుతూ వచ్చిందని నాకు అప్పుడు తెలిసింది.

“ఇంకోటుంది” అంది. మడత పెట్టిన చొక్కాను మళ్ళీ విప్పింది. “ఆవిడ నా చెయ్యి పట్టుకుందన్నానా? ఆ చేతిలో టిష్యూ కాగితం ఉంది. దగ్గి ఉమ్మి, నలిపి పట్టుకుంది. దాన్ని నా చేతిలోకి తోస్తా అంది ఆ మాట. పారెయ్యమని అడిగిందేమోనే సునీతా. అంతే అయ్యుంటది. వార్డులో రోజుకి ఎంతమంది అడుగుతారు అట్టా! నేను పట్టించుకోకుండా టీకి వెళ్ళా.”

“మరి ఆయనకు అదైనా చెప్పొచ్చుగా?”

“ఆ మాట విన్నాక కాగితం సంగతి ఆయన చెవికెక్కుద్దా? నన్ను ఊరుకోబెట్టటానికి చెబుతందనుకుంటాడు.” నా మణికట్టు పట్టుకుంది. గడియారం చూడలేదు, ఊరికే పట్టుకుంది. “ఎవరితోనూ అనకు. ఆ పిల్లతో అసలే అనకు.”

మళ్ళీ ఆ విషయం మా మధ్య రాలేదు. ఏటా ఒకసారో రెండుసార్లో కలిసేవాళ్ళం. ఆమె రిటైరయ్యే వరకూ అదే ఆసుపత్రిలో పనిచేసింది. వార్డులో ఎవరైనా ఏదైనా అంటే, అర్థం కాకపోతే, అర్థమయ్యేదాకా ఆ మంచం దగ్గరనుంచి కదిలేది కాదని, టీ కూడా తాగేది కాదని ఆమెతో పనిచేసిన అమ్మాయి శనివారం చర్చిలో చెప్పింది. అది ఆమె గొప్పదనమని చెప్పింది. అందరూ తలలూపారు.

ప్రార్థన అయిపోయి చర్చి హాల్లో టీలు ఇస్తుండగా ఎవరో నా పేరు పిలిచారు. జుట్టు నెరిసింది గానీ ఇట్టే గుర్తుపట్టాను. మాయ్.

“ఖాదర్ గారు చెప్పారు” అంది. ఇద్దరం కిటికీ దగ్గరికి జరిగాం. చాలాసేపు కప్పు తిప్పుతూ నిలబడింది.

“ఎయిర్‌పోర్టుకి వెళ్తుంటే డాడ్ ఒక మాట అన్నాడు. నేను ఎవరికీ చెప్పలేదు, మీ అక్కకి కూడా. ‘ఆ నర్సు మంచిది. కానీ అది అబద్ధం. మా అమ్మ నిజంగా కనబడుతోంది అని ఉంటే, మొదటి రోజే చెప్పేది. మంచి మాటను రెండేళ్ళు ఎవరు దాస్తారు? దాచాల్సిన మాట ఆ ఏడింటిలో ఒకటే ఉంది’ అన్నాడు.”

నా కప్పు కిటికీ గట్టు మీద పెట్టాను.

“ఆయన ఊహించుకుని వెళ్ళాడు” అంది మాయ్. “ఇన్నేళ్ళుగా నన్ను తినేస్తున్నది అదే. ఊహ తప్పయితే ఊరికే పోయినట్టే కదా, ఏమీ లేనిదానికి? ఆవిడను అడగడానికి ధైర్యం చాలలేదు. నీకైనా చెప్పిందా? బామ్మ ఏమంది?”

ఆమె కళ్ళు తండ్రి కళ్ళే. రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

“చెప్పింది” అన్నాను. “మీ నాన్న అనుకున్నదే. మూడోది.”

మాయ్ కళ్ళు మూసుకుంది. ఊపిరి వదిలింది. కన్నీళ్ళు జారుతుంటే తుడుచుకోలేదు. “థాంక్యూ” అంది. “థాంక్యూ. మా నాన్న పిచ్చివాడు కాదు. వెళ్ళాల్సిన పని మీదే వెళ్ళాడు.”

“అవును” అన్నాను.

బల్ల మీదున్న పెట్టెలోంచి ఒక టిష్యూ తీసి ఆమెకిచ్చాను. ఆమె కళ్ళు ఒత్తుకుంది. దాన్ని నలిపి గుప్పిట్లో పట్టుకుని, ఎక్కడ పడెయ్యాలో తెలియక అటూ ఇటూ చూసింది. నేను చెయ్యి చాపాను. నా చేతిలో పెట్టింది. ఇంకేమీ చెప్పలేదు నేను.